తుపాను వచ్చేలోపు మందుల డబ్బా తెరిచారా?

గాలివాన రాత్రి ఎలాగోలా గడిచిపోతుంది. కరెంటు, నీళ్లు, మందుల షాపు లేని ఆ తర్వాతి నాలుగైదు రోజులే ఇంట్లోని పెద్దవాళ్లకు, రోగులకు గండం. ఆ రోజులకు కావాల్సినవి సమకూర్చుకునే వీలు మాత్రం గాలి మొదలు కాకముందే ఉంటుంది.

‘బంగాళాఖాతంలో అల్పపీడనం... వాయుగుండంగా మారే అవకాశం’ అని టీవీలో స్క్రోలింగ్ మొదలవగానే మన ఇళ్లలో ఏం జరుగుతుంది? ఒకరు కొవ్వొత్తుల కోసం సొరుగులన్నీ వెతుకుతారు. ఇంకొకరు నాలుగు పాల ప్యాకెట్లు ఎక్కువ తెస్తారు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పిల్లలకు బ్రెడ్డు, బిస్కెట్లు వస్తాయి. మేడ మీది పూలకుండీలు లోపలికి చేరతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోశామా, లేదా అని కాసేపు వాదన నడుస్తుంది. ఇవన్నీ అవసరమే. కానీ ఫ్రిజ్ తలుపులో ఉన్న అమ్మమ్మ ఇన్సులిన్ సీసా ఎవరికీ గుర్తు రాదు. తాతయ్య బీపీ మాత్రలు ఇంకా మూడే ఉన్నాయన్న సంగతి తాతయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయనా ‘వానలో పిల్లాణ్ని పంపడం ఎందుకు, తగ్గాక తెచ్చుకోవచ్చులే’ అనుకుంటారు.

ఆ ‘తగ్గాక’ దగ్గరే ఉంది చిక్కంతా.

విశాఖ చూసిన వారం

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం మీదే తీరం దాటింది. గంటకు 170-180 కిలోమీటర్ల వేగంతో గాలి. చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలిపోయాయి. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. ఆ రాత్రికి గాలి తగ్గింది. కానీ మర్నాటి నుంచి కరెంటు లేదు. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు, నీళ్లు లేవు. ఫోన్లు మూగబోయాయి. పాల ప్యాకెట్టుకు, మంచినీళ్ల క్యానుకు, పెట్రోలుకు బారులు తీరారు. కొన్ని కాలనీలకు కరెంటు రావడానికి వారం పైనే పట్టింది. ఆ వారం ఊళ్లో ఉన్నవాళ్లను అడిగి చూడండి. గాలి గురించి పది నిమిషాలు చెబితే, ఆ తర్వాతి రోజుల గురించి గంట చెబుతారు.

తుపాను మనుషుల్ని ఎలా చంపుతుందన్న విషయంలో మన కోస్తా వాళ్ల మనసులో ముద్రపడిపోయిన దృశ్యం 1977 నవంబరు 19 నాటి దివిసీమ. సముద్రం ఊళ్ల మీద పడి, అధికారిక లెక్కల ప్రకారమే పది వేల మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత హెచ్చరికలు మెరుగయ్యాయి, తుపాను షెల్టర్లు వచ్చాయి, లోతట్టు ఊళ్లను ముందే ఖాళీ చేయిస్తున్నారు. ఉప్పెన మరణాలు బాగా తగ్గాయి. అయితే ఊరు ఖాళీ చేయించే అధికారి ఐదో అంతస్తు ఫ్లాటులో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న పెద్దాయన దగ్గరికి రాడు. అది మనం చూసుకోవాల్సిందే.

ఈ రెండో రకం ప్రమాదం ఎంత పెద్దదో లెక్క తీసి చూపించింది పోర్టోరికో దీవి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్లో ‘హరికేన్’ అని చెప్పేదీ, మన తుపానూ జాతి ఒకటే. సముద్రాన్ని బట్టి పేరు మారుతుందంతే. 2017 సెప్టెంబరులో ‘మరియా’ అనే హరికేన్ ఆ దీవిని ఊడ్చేసింది. మొదట ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 64. తర్వాత జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ ఆరు నెలల్లో మామూలు కంటే ఎంతమంది ఎక్కువ చనిపోయారో లెక్కగడితే 2,975 అని తేలింది. ప్రభుత్వం దాన్నే అధికారిక సంఖ్యగా ఒప్పుకొంది. ఇంటింటికీ తిరిగి హార్వర్డ్ పరిశోధకులు చేసిన మరో సర్వేలో మూడింట ఒక వంతు మరణాలకు కారణం వైద్యం అందకపోవడమో, ఆలస్యం కావడమో అని వెల్లడైంది. మందులు దొరకలేదు, ఇంట్లోని యంత్రాలకు కరెంటు లేదు, ఆసుపత్రికి దారి లేదు. గాలికి ఎగిరిన రేకు తగిలి పోయినవాళ్ల కంటే ఇలా పోయినవాళ్లే ఎంతో ఎక్కువ.

మీ చేతిలో ఉన్నది రెండు రోజులు

మన వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశల్లో ఇస్తుంది. మొదటిది సుమారు 72 గంటల ముందు. ఇది ఎక్కువగా అధికారులను సిద్ధం చేయడానికి. రెండోది కనీసం 48 గంటల ముందు, మూడోది 24 గంటల ముందు, చివరిది తీరం దాటడానికి 12 గంటల ముందు వస్తాయి. మూడో హెచ్చరిక వచ్చాక బజారుకు వెళ్తే మందుల షాపు దగ్గర ఊరంతా ఉంటుంది. అందుకే రెండో హెచ్చరిక వినగానే కదలాలి. టీవీలో ‘48 గంటల్లో తీరం దాటే అవకాశం’ అన్న మాట వినపడిందంటే అదే మీ గడియారం.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల గురించి ఒక మాట. ఎనిమిదో నంబరు కంటే తొమ్మిది, తొమ్మిది కంటే పది ఎక్కువ ప్రమాదం అని చాలామంది అనుకుంటాం. ఈ మూడూ మహా ప్రమాద సూచికలే. తేడా అంతా తుపాను ఆ రేవుకు ఎడమ పక్కనా, కుడి పక్కనా, లేక సరిగ్గా దాని మీదుగానా దాటుతుంది అన్నదే. అవి ఓడలవాళ్ల కోసం పెట్టినవి. ‘మాకు ఎనిమిదే కదా’ అని నింపాదిగా కూర్చోవద్దు.

ముందు మందుల డబ్బా

కరెంటు ఉండగానే, వెలుగు ఉండగానే ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద పోయండి. ఎవరికి ఏది, ఎన్ని ఉన్నాయి, ఎన్ని రోజులకు వస్తాయి? కనీసం రెండు వారాలకు సరిపడా ఉండాలన్నది మంచి లెక్క. అంత కుదరకపోతే పది రోజులకు తగ్గొద్దు. షాపుకు వెళ్లే ముందు ఏటీఎం నుంచి కొంత చిల్లర నోట్లు తీసి పెట్టుకోండి. తుపాను తర్వాత సిగ్నల్ లేక ఫోన్ చెల్లింపులు ఆగిపోతే, షాపు తెరిచి ఉన్నా మందు చేతికి రాదు.

అన్ని మందులూ ఒక్కటి కాదు. ఈ మాట డాక్టర్లు చెబుతూనే ఉంటారు గానీ ఇళ్లలో పట్టించుకోం. థైరాయిడ్ మాత్ర రెండు మూడు రోజులు లేకపోతే కొంప మునగదు. ఆ మందు ఒంట్లో వారం దాకా సగం నిలిచి ఉంటుంది. విటమిన్లు, కాల్షియం సంగతి చెప్పనక్కర్లేదు. మూర్ఛ మందులు అలా కాదు. ఒక్క రోజు ఆగినా ఫిట్స్ తిరగబెట్టొచ్చు. అదీ ఆసుపత్రికి వెళ్లే దారి లేనప్పుడు. మెటోప్రొలాల్, ఎటెనొలాల్, ప్రొప్రనొలాల్... ఇలా పేరు చివర ‘లాల్’ వచ్చే బీపీ, గుండె మాత్రలను హఠాత్తుగా మానేస్తే గుండె దడ, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతాయి. క్లోనిడిన్ మాత్ర కూడా అంతే. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, ముఖ్యంగా మొదటి ఏడాదిలో ఉన్నవారు రక్తం పలుచన చేసే మాత్రలను ఒక్క పూటా వదలకూడదు. చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి అవి ఉన్నట్టుండి ఆగితే ఒళ్లు తూలి, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. మానసిక సమస్యలకు వాడే మందులనూ ఇదే జాబితాలో వేసుకోండి. వాటి గురించి బంధువుల ముందు మాట్లాడటానికి మొహమాటపడి చివరిదాకా ఎవరూ తేరు. డబ్బులు తక్కువైనా, షాపులో కొన్నే దొరికినా ముందు కొనాల్సినవి ఇవీ. ఆస్తమా ఉన్నవారికి ఇన్‌హేలర్ కొత్తది ఒకటి అదనంగా ఉండాలి. కరెంటు లేకపోతే నెబ్యులైజర్ పనిచేయదు. స్పేసర్ గొట్టం పెట్టి ఇన్‌హేలర్ పీల్చుకోవడం ముందే నేర్చుకుని ఉంటే ఆ రాత్రి గాభరా ఉండదు.

ఒక కాగితం తీసుకోండి. పేరు, వయసు, జబ్బు, మందు పేరు, మోతాదు, ఏ మందు పడదు, డాక్టరు పేరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. ‘ప్రిస్క్రిప్షన్ ఫొటో ఫోన్‌లో ఉందిగా’ అనుకుంటాం. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌లో ఎన్ని ఫొటోలున్నా ఒకటే. ఆరోగ్య కార్డులు, ఆధార్ నకళ్లు, ఆ కాగితం, మందులు అన్నీ ఒక జిప్ కవర్లో వేసి, దాన్ని స్కూలు బ్యాగు లాంటి దాంట్లో పెట్టి, నేల మీద కాకుండా పైన ఉంచండి. ఇల్లు వదిలి వెళ్లాల్సి వస్తే అందరికంటే ముందు ఆ బ్యాగు బయల్దేరాలి.

ఇన్సులిన్ గురించి భయం వద్దు, అజాగ్రత్తా వద్దు

మా ఇంట్లోనూ ఇన్సులిన్ తీసుకునే అమ్మ ఉంది. కరెంటు పోతే ఆమె మొదటి ప్రశ్న ‘నా మందు పాడైపోతుందా?’ అనే. తుపాను తర్వాత ఫ్రిజ్ ఆగిపోయిందని మంచి ఇన్సులిన్ పారేసి, కొత్తది దొరక్క, నాలుగు రోజులు సూది మానేయడం... పాడైన ఇన్సులిన్ తీసుకోవడం కంటే ఇదే పెద్ద ప్రమాదం.

తెరవని ఇన్సులిన్‌ను 2-8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. నిజమే. కానీ చాలా రకాల ఇన్సులిన్లు 30 డిగ్రీలు దాటని చోట, ఎండ తగలకుండా ఉంటే, బయట 28 రోజుల దాకా పనిచేస్తాయి. కొన్నిటికి 25 డిగ్రీలే హద్దు, కొన్నిటికి రోజుల లెక్క వేరు. మీ పెట్టెలోని మడతల కాగితం మీద అది రాసి ఉంటుంది. వెలుగు ఉండగానే చదివి పెట్టుకోండి. కాబట్టి ఫ్రిజ్ ఆగిన రోజు తేదీని ప్రతి సీసా మీదా, పెన్ను మీదా స్కెచ్‌తో రాయండి. అక్కడి నుంచి రోజుల లెక్క మొదలు.

గాలివాన ఉన్నంతసేపూ చల్లగానే ఉంటుంది, ఇబ్బంది లేదు. తుపాను వెళ్లిన రెండో రోజు కాసే ఎండా, ఉక్కపోతా చూశారా? అప్పుడు జాగ్రత్త అవసరం. మట్టి కుండ మంచి ఉపాయం. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాలను నీళ్లు చొరబడని డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచండి. పైన తడి గుడ్డ కప్పి నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి. ఇసుకను తడుపుతూ ఉండాలి. రాయలసీమ, తెలంగాణ పొడి గాలిలో పనిచేసినంత బాగా కోస్తా ఉక్కలో ఇది పనిచేయదు, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి. అయినా వంటింటి అలమరలో పెట్టడం కంటే నయమే. ఐస్ దొరికితే సంతోషపడి సీసాను నేరుగా ఐస్‌లో పెట్టొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. మధ్యలో మందపాటి తువ్వాలు ఉండాలి.

నీళ్లలా తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మబ్బుగా మారినా, కలిపి వాడే తెల్లటి రకంలో గడ్డలు, పలుకులు కనిపించినా అది వదిలేయాలి. ఇంకేమీ దొరక్క అనుమానం ఉన్న ఇన్సులినే వాడాల్సి వస్తే, గ్లూకోమీటర్‌తో చక్కెర ఎక్కువసార్లు చూసుకుంటూ వీలైనంత త్వరగా కొత్తది సంపాదించాలి. అందుకే స్ట్రిప్పులూ, సూదులూ, మీటర్ బ్యాటరీ కూడా ఆ జిప్ కవర్లోకే వెళ్లాలి.

దీనికి రెండో పార్శ్వం ఉంది. తుపాను రోజుల్లో తిండి వేళలు తప్పుతాయి. అన్నం సగం తిని, ఇన్సులిన్ మాత్రం మామూలు మోతాదు తీసుకున్నా, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని భోజనం మానేసినా చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాతా తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. చీకట్లో చెయ్యి పెడితే దొరికేలా పంచదార డబ్బా ఒకే చోట ఉంచండి.

డయాలసిస్, ఆక్సిజన్, నిండు నెలలు

ఈ ముగ్గురూ ఉన్న ఇళ్లు తుపాను ఇంటికి రాకముందే ఫోన్ తీయాలి.

వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారు 48 గంటల హెచ్చరిక రాగానే కేంద్రానికి ఫోన్ చేసి ‘మా వంతు ఒక రోజు ముందుకు జరపగలరా?’ అని అడగండి. శుక్రవారం తుపాను అంటుంటే శనివారం వంతును గురువారానికి మార్చుకోవాలి. 2012లో అమెరికా తూర్పు తీరానికి శాండీ హరికేన్ వచ్చినప్పుడు ఇలా ముందుగానే డయాలసిస్ పూర్తిచేసుకున్నవారిలో తర్వాత ఆసుపత్రి పాలైనవాళ్లూ, నెల లోపు చనిపోయినవాళ్లూ తక్కువ. ఇది అంచనా కాదు, వేలమంది రోగుల రికార్డులు చూసి తేల్చిన విషయం. ఇంకో మాట. తుపాను సాయం అనగానే మన దగ్గర పంచేవి అరటిపండ్లు, కొబ్బరి బొండాలు. ఈ రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ. డయాలసిస్ ఆలస్యమైన మనిషికి పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ప్రేమగా ఇచ్చిన బొండాం కూడా తాగకూడదని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. నీళ్లు, ఉప్పు ఎంతవరకు తగ్గించాలో ఆ ఫోన్‌లోనే డాక్టరును అడిగి రాసుకోండి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉందా? ‘ఇన్వర్టర్ ఉందిగా’ అని ధీమా వద్దు. ఐదు లీటర్ల యంత్రం సుమారు 350 వాట్లు లాగుతుంది. మామూలు ఇళ్లలో ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే అయితే, ఫ్యాన్లు, లైట్లు ఏవీ వేయకపోయినా మూడు నాలుగు గంటలు వస్తే గొప్ప. సిలిండరు ఒకటి అద్దెకు తెచ్చుకోండి. 1,500 లీటర్ల ‘బి’ టైపు సిలిండరు నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే పన్నెండు గంటల పైచిలుకు వస్తుంది. లెక్క వేసుకుంటే అర్థమవుతుంది, రెండు రోజుల చీకటికి ఎన్ని కావాలో! అన్ని సిలిండర్లు కుదరవు అనుకుంటే, దానికి మందు ఒక్కటే. తుపానుకు ముందే జనరేటర్ ఉన్న ఆసుపత్రికో, తుపాను దారిలో లేని ఊళ్లోని బంధువుల ఇంటికో చేర్చడం. అంబులెన్సు గాలిలో రాలేదు. గంటకు 80-100 కిలోమీటర్ల గాలి వీస్తుంటే 108కు ఫోన్ చేసి లాభం లేదు, వాళ్లకూ ప్రాణాలే కదా.

తొమ్మిదో నెల గర్భిణులదీ అదే దారి. తుపాను సమయంలో ప్రసవం దగ్గర పడ్డవారిని ముందే ఆసుపత్రులకు తరలించడం మన కోస్తా జిల్లాల్లో ప్రభుత్వం చేస్తున్న పనే. ఆశా కార్యకర్తో, ఏఎన్‌ఎమ్మో వచ్చి రమ్మంటే ‘ఇంకా పది రోజులుంది’ అని ఆగొద్దు. నెలలు నిండినవాళ్లకు తేదీలు మన లెక్కల ప్రకారం నడవవు.

నీళ్లు, వంటిల్లు

మనిషికి రోజుకు తాగడానికి, వంటకు కలిపి నాలుగు లీటర్లు. నలుగురి కుటుంబానికి ఐదు రోజులకు 80 లీటర్లు, అంటే నాలుగు పెద్ద క్యాన్లు. ఆర్‌ఓ యంత్రం కరెంటు లేకపోతే డబ్బా మాత్రమే కాబట్టి కరెంటు ఉండగానే బిందెలు నింపేయండి. మేడ మీది ట్యాంకు నిండుగా ఉంటే రెండు లాభాలు, నీళ్లుంటాయి, ట్యాంకు ఎగిరిపోదు. సంపు మూత మీద ప్లాస్టిక్ పట్టా కప్పి చుట్టూ ఇసుక మూటలు పెట్టండి. వాన నీరు, మురుగు కలిసి సంపులోకి దిగితే అపార్టుమెంటు మొత్తానికి వాంతులు, విరేచనాలే. దిగిందని అనుమానం వస్తే ఆ నీళ్లు తోడేసి, కడిగి, కొత్త నీటికి వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి గంట ఆగాక వాడండి. తాగే నీళ్లను మాత్రం తెర్లేదాకా కాచుకోవడమే మేలు. క్లోరిన్ బిళ్లలు ఒక పట్టీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది ఇంట్లో పడేసుకోండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో సగం సగం కాదు. తల్లిపాలు తాగే బిడ్డకు తల్లిపాలే ఆపకుండా ఇవ్వండి. శుభ్రమైన నీళ్లు లేని చోట డబ్బా పాలు కలపడం కోరి తెచ్చుకునే కష్టం.

కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపలివి నాలుగు గంటలు ఫర్వాలేదు. తర్వాత పాలూ, మాంసమూ, నిన్నటి కూరలూ మీద ఆశ వదులుకోండి. అటుకులు, మరమరాలు, వేరుసెనగ ఉండలు, ఉప్మా రవ్వ ఉన్న ఇల్లు వారం గడిపేస్తుంది. నాలుగు రోజులూ పచ్చడన్నమే అయితే గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు తడిసి మోపెడవుతుంది. వాళ్లకు పెరుగన్నమో, పప్పన్నమో చూడండి.

ఆ రాత్రి

లోతట్టున, తీరానికి దగ్గర ఉండి ఖాళీ చేయమంటే వాదన లేకుండా వెళ్లిపోవాలి. ఎంత పక్కా ఇల్లయినా ఉప్పెనకు జవాబు కాదు. ఊరి మధ్య పక్కా ఇంట్లో, ఫ్లాటులో ఉన్నవాళ్లు గాజు కిటికీలకు దూరంగా, లోపలి గదిలో చేరాలి. కిటికీలకు అడ్డంగా టేపు అంటిస్తుంటారు. దానివల్ల గాజు బలపడదు. తెర దించి, మంచం పరుపు నిలబెడితే కొంత మేలు. మెయిన్ స్విచ్ కట్టేయండి.

హఠాత్తుగా గాలి ఆగి, ఆకాశం తెల్లబడితే ‘హమ్మయ్య’ అని బయటికి వచ్చేయకండి. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపట్లో రెండో దిక్కు నుంచి అంతే జోరుగా గాలి మొదలవుతుంది. రేడియోలో తీరం దాటి వెళ్లిపోయిందని చెప్పేదాకా తలుపు తీయొద్దు. చిన్న బ్యాటరీ రేడియో ఒకటి ఉంచుకోండి, పాత వస్తువే గానీ ఆ రాత్రి దాని విలువ వేరు. ఫోన్ కలవకపోయినా ఒక్కోసారి ఎస్‌ఎంఎస్ వెళ్తుంది. 112, 108, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070 నంబర్లు గోడ మీద రాసిపెట్టండి.

తెల్లారాక

జనరేటర్ తెచ్చుకున్నవారు దాన్ని బాల్కనీలో, మెట్ల కింద, సెల్లార్‌లో నడపొద్దు. వాన తగలకుండా లోపల పెట్టుకుందాం అనిపిస్తుంది. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి, మగత వచ్చేసరికి లేచి తలుపు తీసే ఓపిక ఉండదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టినా అంతే. ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉంచాలి.

తెగిన తీగ ఏదైనా సరే అందులో కరెంటు ఉందనే అనుకోండి. నీళ్లలో పడ్డ తీగ అయితే ఆ నీళ్లే తీగ. చెట్లు నరకడం, మేడెక్కి రేకులు సరిచేయడం మొదటి రోజే మొదలుపెడతాం, ఆసుపత్రికి వచ్చే గాయాల్లో చాలావరకు అప్పుడు తగిలేవే. మేకు గుచ్చుకున్నా, రేకు కోసినా సబ్బుతో బాగా కడిగి, టీటీ ఎప్పుడు తీసుకున్నారో డాక్టరుకు చెప్పాలి. మధుమేహం ఉన్నవారు వరద నీళ్లలో చెప్పుల్లేకుండా దిగకూడదు. పాదానికి ఏం గుచ్చుకుందో వాళ్లకు తెలియదు. రాత్రి ఇంటికి చేరాక అరికాళ్లు వెలుగులో చూసుకోవాలి.

నీళ్లు పుట్టల్లోకి దిగితే పాములు గట్టుకూ, మెట్లకూ, చెప్పుల స్టాండుకూ చేరతాయి. దివిసీమ వాళ్లకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. కరిచిన చోట కోయడం, తాడు బిగించి కట్టడం, నోటితో పీల్చడం వద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు ఇంజక్షన్ అక్కడ ఉచితంగా ఇస్తారు. ఏ ఆసుపత్రిలో ఉందో తుపానుకు ముందే కనుక్కుని ఆ కాగితం మీద రాసుకోవడం ఇంకా మంచిది.

చివరిగా జ్వరాల లెక్క. కరెంటు వచ్చి, రోడ్లు బాగై, తుపాను మాట మరిచిపోయే రెండో వారంలో ఇవి వస్తాయి. కొబ్బరి చిప్పల్లో, విరిగిన కుండీల్లో నిలిచిన వాన నీటిలో పెరిగిన దోమల వల్ల డెంగీ. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో నడిచినవాళ్లకు లెప్టోస్పైరోసిస్. జ్వరంతో పాటు పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం దాని గుర్తులు. సమయానికి పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది, ఆలస్యమైతే కిడ్నీలూ, కాలేయం దాకా వెళ్తుంది. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇతర నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, అది డెంగీ అయితే రక్తస్రావం పెరగొచ్చు. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ‘రెండు వారాల కిందట మోకాళ్ల లోతు నీళ్లలో నడిచాను’ అన్న ఒక్క మాట మీరే చెప్పండి. ఆయన అడగడం మరిచిపోవచ్చు.